పెడలు వదిలితే ఆగిపోయే కారు

మెకానిక్ పని నేర్చుకునే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మల్లేశం సార్, మీ అనుభవాలు చెప్పండి" అని అడుగుతారు. మోకాళ్ళు వంగవు, కుడి చెవి సగమే వినబడుతుంది, పెట్రోలు వాసన తగిలితే ఇప్పటికీ దగ్గు వస్తుంది, ఇవే నా అనుభవాలు అంటాను. నవ్వుతారు. నేను నవ్వించడానికి చెప్పిన మాట కాదది.

ఒక ప్రభుత్వ శాఖ బండ్ల షెడ్డులో మెకానిక్‌గా చేరి, అక్కడే తల నెరిసి బయటికి వచ్చాను. మొదట భూపాలపల్లి, తరువాత మానుకోట, చివరికి జనగామ. మానుకోట అంటే మహబూబాబాదే. ఆ పొడుగు పేరు మా వైపు కాగితాల మీద తప్ప ఎవరూ పలకరు. అప్పుడు ఈ మూడు ఊళ్ళూ ఒకటే జిల్లా. బదిలీ అంటే పెట్టె సర్దుకుని పక్క తాలూకాకు పోవడమే.

నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఎవరు అడ్డం పడ్డారు అన్నది మీకెందుకు? ఒక్క జబ్బు గురించి రాస్తాను. ఆ ఒక్కటి సరిగా అర్థమైతే మిగతా పని దానంతట అదే వస్తుంది. పెడలు మీద కాలు తీసినా ఇంజను ఆరిపోకుండా సన్నగా తిరుగుతూ ఉండాలి. చదువుకున్నవాళ్ళు దాన్ని ఐడ్లింగ్ అంటారు. మా షెడ్లలో 'స్లో' అంటాం. "బండి స్లోకు నిలబడుతలేదు" అని ఎవరైనా వచ్చారంటే ఆ రోజు అన్నం వేళకు తినలేమని అర్థం. ఎందుకంటే అది ఒక రోగం కాదు, పది రోగాలకు ఒకటే దగ్గు.

ఉస్తాద్ తువ్వాల

భూపాలపల్లి షెడ్డులో నాకు పని నేర్పింది రహీం ఉస్తాద్. మంచి మనిషి అని రాయలేను. తన అల్లుడు నేర్చుకునేదాకా మాకెవరికీ వాల్వులు నూరి కూర్చోబెట్టడం చూపించలేదు. మేం చూడకుండా అడ్డం నిలబడేవాడు. కాని చెవి మాత్రం దేవుడిచ్చిన చెవి. ఇంజను పక్కన స్టూలు వేసుకుని, కళ్ళు మూసుకుని, బీడీ కాల్చకుండా నోట్లో పెట్టుకుని వినేవాడు.

కార్బొరేటర్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. అది బిగిస్తే స్లో పెరుగుతుంది, వదులు చేస్తే తగ్గుతుంది. బండి ఆగిపోతోందని వచ్చిన ప్రతివాడి కారుకూ ఆ స్క్రూ బిగించి పంపే మిస్త్రీలు ఊరికి నలుగురు ఉంటారు. చేరిన కొత్తలో నేనూ స్క్రూడ్రైవరు తీసుకుని ముందు దాని మీదికే పోయాను. ఉస్తాద్ భుజం మీది తువ్వాల తీసి వీపు మీద ఒక్కటిచ్చాడు.

"అరే, మనిషి చలిజరంతోని వణుకుతుంటె తాడేసి మంచానికి కట్టేస్తవారా? వణుకుడు ఆగింది, రోగం పోయిందంటవా? పహెలే సున్! ముందుగాల విను."

అప్పటినుంచి నేను విన్నాను. చల్లటి ఇంజను ఎలా మొదలవుతోంది, వేడెక్కాక ఎలా మారుతోంది, అరచెయ్యి కార్బొరేటర్ నోటికి సగం అడ్డం పెడితే ఏం చేస్తోంది. చెయ్యి అడ్డం పెడితే ఇంజను తేరుకుందంటే ఎక్కడో దొంగగాలి పోతున్నట్టు. ఏ గొట్టమో పగిలి ఉంటుంది, ఏ గాస్కెట్టో వదిలి ఉంటుంది. చెయ్యి పెట్టగానే చచ్చిందంటే దానికి ఇప్పటికే ఊపిరాడటం లేదన్నమాట. అప్పుడు ఎయిర్ ఫిల్టరు చూడాలి. ప్లగ్గులు విప్పి రంగు చూడాలి. మసిపట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, సున్నం కొట్టినట్టుంటే గాలి ఎక్కువ, ఇటుక రంగు వస్తే అక్కడ జబ్బు లేదు. ఇవన్నీ అయ్యాక, అన్నిటికన్నా చివర, స్క్రూ. మీ ఇంట్లో పాత కారుంటే మీరే చేసుకోవచ్చు, దీనికి పెద్ద సామాను అక్కరలేదు. ఓపిక కావాలి, అది బజారులో దొరకదు.

కురవి జాతరలో కొబ్బరికాయలు

మానుకోటకు వచ్చాక ఒక ఆఫీసరు తగిలాడు. పేరు వద్దు. ఆయన కారు సిగ్నలు దగ్గరో, పెద్ద సారు ఇంటి ముందో ఒకసారి ఆగిపోయిందట. పరువు పోయిందన్నాడు. ఫిల్టరు చూడాలి, ఒక పూట కారు ఇవ్వండి అన్నాను.

"పూట ఎక్కడిదయ్యా? ఆగకుండా చేసి ఇవ్వు. అదేదో స్క్రూ ఉంటుందటగా, తిప్పు" అన్నాడు.

పైవాడు చెప్పాక కిందివాడు ఏం చేస్తాడు? తిప్పాను. కారు ఆగడం మానేసింది, ముందుకు తోసుకుపోవడం మొదలుపెట్టింది. ఆ వారమే ఆయన కుటుంబంతో కురవి వీరభద్రస్వామి జాతరకు పోయాడు. జనంలో కారు నత్తలా నడవాలి. ఆ స్లో మీద అది నత్తలా నడవదు, గిత్తలా గుంజుతుంది. డ్రైవరు బ్రేకు తొక్కి తొక్కి అలసిపోయిన చోట పోయి కొబ్బరికాయల బండికి తగిలింది. మనుషులకు ఏమీ కాలేదు. కాయలన్నీ జనం కాళ్ళ కిందికి దొర్లాయి. "దేవుడే కొట్టిచ్చుకుండు" అని ఏరుకున్నవాళ్ళు ఏరుకున్నారట. మెమో మాత్రం డ్రైవరుకు వచ్చింది. స్క్రూ తిప్పమన్న సారుకు రాలేదు, తిప్పిన నాకూ రాలేదు. సర్కారు నౌకరీలో చేరబోయేవాళ్ళు ఈ ముక్క రాసి పెట్టుకోండి.

ఆ రోజునుంచి ఎవరు చెప్పినా, ఎంత పెద్దవాడు చెప్పినా, కారణం చూడకుండా ఆ స్క్రూ ముట్టలేదు. ముట్టననుకున్నాను.

నిలబడటమే పని

జనగామకు వచ్చేసరికి తెలంగాణ ఉద్యమం పెద్దదైంది. ఆ రోజులు చూడనివాళ్ళకు చెప్పాలి. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి వంటావార్పు. వంటావార్పు అంటే రోడ్డు మధ్య పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తినడం. నంబరు ప్లేట్ల మీద పాత అక్షరాలు చెరిపి టీజీ అని రాసుకున్నారు. పెయింటరుకు చేతి నిండా పని. ఆఖరికి ఉద్యోగులమంతా సమ్మెలోకి దిగాం. బస్సులు లేవు. మా షెడ్డుకు తాళం. పొద్దున్నే పోయి శిబిరంలో కూర్చోవడం, మిగతా పూట స్కూటరు మీద సామాను సంచి వేసుకుని ఎవరింటికి పిలిస్తే వారింటికి పోవడం.

పిలిచిన ప్రతివాడిదీ ఒకటే రోగం, స్లో. ఊరు దాటితే ఒక గుంపు, మళ్ళీ కొంత దూరానికి ఇంకో గుంపు. ప్రతి చోటా బండి ఆపాలి, అడుగు అడుగు నడపాలి. అంతకుముందు పరుగెత్తేటప్పుడు దాచుకున్న జబ్బులన్నీ కార్లు అక్కడ బయటపెట్టాయి. పాత కారు వేడి మీద ఆగిందంటే వెంటనే మళ్ళీ అందుకోదు, చల్లారేదాకా మొరాయిస్తుంది. అందుకని అందరికీ ఆగిన చోట ఆరిపోని కారు కావాల్సి వచ్చింది. చేసి చేసి విసుగొచ్చింది నాకు. రాష్ట్రం వస్తే వచ్చింది గాని ముందు ఈ కార్బొరేటర్ల పీడ విరగడైతే చాలనుకున్న రోజులున్నాయి.

అప్పుడే లింగాల ఘనపూర్ నుంచి నర్సింలు సారు ఫోన్ చేశాడు.

సారు, బాలమణక్క

నర్సింలు సారు రిటైరైన సైన్సు టీచరు. ఆ మండలంలో సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. బడిలో పిల్లలకు బాబాల మాయలన్నీ రసాయనాలతో చేసి చూపించి, "గిదేరా మంత్రం" అనేవాడు. దేవుడంటే మండిపడేవాడు. మనిషి మంచివాడు, నోరు కత్తి. పిల్లలు లేరు. ఇంట్లో ఆయన, ఆయన భార్య బాలమణి. నేను అక్కా అని పిలిచేవాణ్ణి. ఆమె పుట్టిల్లు కురవి. వాళ్ళింటికి వీరభద్రుడే ఇలవేల్పు. తమ్ముడు వచ్చినప్పుడల్లా గుడి నుంచి విభూతి పొట్లం తెచ్చేవాడు. సారు దాన్ని చూసినప్పుడల్లా ఏదో ఒకటి అనేవాడు.

వాళ్ళకు పాత తెల్ల కారు ఒకటి ఉండేది. ఒకప్పుడు కలెక్టరు నుంచి పెళ్ళికొడుకు దాకా అందరూ ఎక్కిన రకమే. ముచ్చటకు కొన్నది కాస్తా ఆఖరికి ప్రాణావసరమైంది. అక్కకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు హన్మకొండ దవాఖానకు పోయి మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. బస్సులుంటే బస్సులో పోయేవారు. అవి బందయ్యాక కారే దిక్కు.

పోయేసరికి సారు కారు పక్కన నిలబడి ఉన్నాడు.

"మల్లేశం, ఉరుకుతుంటె మంచిగ ఉరుకుతది. కాలు తీస్తె చస్తది. జనగామ దాటంగనే ఒకసారి, రఘునాథపల్లి కాడ ఒకసారి. మన పోరగాండ్లే, 'మా సారు, మా సారు' అని తోవ ఇస్తరు. బండి కదలది. జై తెలంగాణ అనుకుంట దొబ్బుతరు. నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెలుస్తలేదు."

దొబ్బడమంటే మా వైపు తోయడం. అక్క గడపలో కూర్చుని నవ్వింది. కాళ్ళు వాచి ఉన్నాయి. "నన్ను రాష్ట్రమే దొబ్బుకపోతుంది తమ్మీ హన్మకొండకు" అంది.

కార్బొరేటర్ విప్పి చూస్తే స్లోకు పెట్రోలూ గాలీ పోయే సన్నటి రంధ్రాలు బూడిద రంగు పొడితో మూసుకుపోయి ఉన్నాయి. సూది పట్టనంత రంధ్రాలవి. పరుగులో ఇంజను పెద్ద జెట్టు అనే వెడల్పు రంధ్రం నుంచి తాగుతుంది కాబట్టి ఏమీ తెలియదు, కాలు తీస్తే దానికి దిక్కు ఈ సన్న దారే. జనగామ తోవలో దుమ్ముకు కరువా అనుకున్నాను. కడిగి, గాలి కొట్టి, బిగించి వచ్చాను. కారు హాయిగా నిలబడింది. కొన్నాళ్ళకు మళ్ళీ ఫోన్. మళ్ళీ అదే పొడి. మళ్ళీ కడిగాను. చీపురు పట్టి వాన నీళ్ళు ఊడ్చినట్టుంది నా పని.

మూడోసారి ఫోన్ చేసినప్పుడు సారు గొంతు వేరుగా ఉంది. ఆ రోజు స్టేషన్ ఘనపూర్ దగ్గర రోడ్డు నిండా లారీలు ఆగి ఉన్నాయట. సారు కారుకు దారి ఇచ్చేసరికి కారు ఆరిపోయింది. వెనకా ముందూ బండ్లు, తోయడానికి జాగా లేదు. చల్లారి, అందుకుని, హన్మకొండ చేరేసరికి అక్క వంతు మిషను ఇంకొకరికి ఇచ్చేశారు. మరుసటి రోజు రమ్మన్నారు. ఆ రాత్రంతా ఆమె పడుకోలేక గోడకానుకుని కూర్చుందట, ఊపిరి అందక.

"గీ బండిని నమ్ముకుంటె నా ఇంటామె నాకు దక్కది, మల్లేశం" అన్నాడు. అంత కత్తి నోరు గలాయన ఆ మాటనేసరికి, ఈసారి కడిగి ఊరుకోవద్దనుకున్నాను.

రోగం ఇంట్లో ఉంటుంది

మెకానిక్ ఎదురుగా కారు చుట్టపు చూపుగా వచ్చిన పిల్లాడి లాంటిది, బుద్ధిగా ఉంటుంది. దాని అసలు గుణం ఇంట్లో తెలుస్తుంది. ఎండలో ఉంటుందా, ఎవరు స్టార్టు చేస్తారు, చేశాక ఏం చేస్తారు, అన్నీ చూడాలి. అందుకని దవాఖానకు పోయే రోజున, పొద్దు పొడిచేసరికే సారు ఇంటికి పోయాను. వచ్చానని పిలవలేదు. స్కూటరు వాకిలి బయట ఆపి, దడి పక్కన నిలబడి విన్నాను.

సారు వచ్చి బానెట్ ఎత్తి నీళ్ళు చూశాడు. కారు స్టార్టు చేసి, వేడెక్కనిచ్చి, తలుపులు వేసి రావడానికి లోపలికి పోయాడు. అప్పుడు అక్క గోడ పట్టుకుని మెల్లగా వచ్చింది. తలస్నానం చేసి ఉంది. లైట్లకు కుంకుమ పెట్టింది. బంపరు సందులో ఊదుబత్తి గుచ్చింది. కొంగు ముడి విప్పి, పొట్లంలోంచి చిటికెడు విభూతి తీసి, బానెట్ నుదుట రాసింది. తరువాత ఇంకో చిటికెడు తీసి ఎయిర్ ఫిల్టరు మూతి దగ్గర పట్టింది. తిరుగుతున్న ఇంజను ఆమె వేళ్ళ మీది విభూతిని సుర్రుమని లోపలికి పీల్చుకుంది.

నేను కదిలేసరికి ఉలిక్కిపడింది.

"ఏంది తమ్మీ, దొంగలెక్క నిలవడ్డవ్?"

"అక్కా, ఏం జేస్తున్నవే గది?"

"ఎవలకు చెప్పకు. సారుకు తెలిస్తె ఇంటి మీది పెంకులు లేస్తయి. పిల్లగాండ్లకు జరమొస్తె ఈబూది నొసట పెట్టి, జర్ర నోట్లెస్తం గదా? మరి బండికి నోరేది? గాలి పీల్చుకునే కాడ ఏస్తున్న. చూసినవా, ఏలి మీదికెళ్లి ఎట్ల గుంజుకుంటదో! సామి అందుకున్నట్టే."

"ఎప్పటిసంది ఏస్తున్నవ్?"

"బస్సులు బందైన కాన్నుంచి. పోయే రోజల్ల. తోవల ఆగొద్దని."

తోవలో ఆగొద్దని ఆమె వేస్తున్న విభూతే తోవలో ఆపుతోంది. చెబితే ఆమె గుండె పగులుతుంది. చెప్పకపోతే ప్రాణమే పోతుంది. ఇలాంటిది ఏ ఉస్తాదూ నేర్పడు. స్విచ్ ఆపి, ఫిల్టరు మూత విప్పాను. లోపలి రబ్బరు ఎండి ఒక పక్క పగిలి ఉంది. రెండుసార్లు చూసి కూడా, ఇంకొన్నాళ్ళు పనికొస్తుందిలే అని వదిలేసిన రబ్బరే. ఆ సందులోంచి మెత్తటి పొడి నేరుగా కార్బొరేటర్లోకి పోతోంది.

మెల్లగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాను. ఆమె నా మొహంలోకి చూస్తూ విన్నది. చేతిలో పొట్లం అలాగే ఉంది.

"అంటే బండిని నేనే ఆపుతున్ననా, తమ్మీ?"

"నువ్వు కాదక్కా. గీ రబ్బరు పగిలింది. రబ్బరు మంచిగుంటె గుల్లెడు ఈబూది పోసినా లోపలికి పోదు."

గంపెడు పోస్తే ఊపిరాడక అసలు స్టార్టే కాదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆమెకు తెలియాల్సిన పని లేదు.

"ఆయన ఆ రాత్రి నా ఈపు రాసుకుంట కూసున్నడు" అంది. "నేనే ఆపి, నేనే ఆయనను పరేషాన్ జేసిన." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడ్చే ఓపిక కూడా లేదు ఆమెకు.

జేబులో వక్కపొడి డబ్బీ ఉంది. వక్కపొడి పారబోసి, తుడిచి, ఆ డబ్బీని బానెట్ లోపల ఒక మూలకు తీగతో కట్టాను. "సామి గిందుల కూసుంటడు. ఇంజన్ పక్కపొంటే వస్తడు. మూతిల మాత్రం ఏయకక్కా" అన్నాను. ఆమె పొట్లం డబ్బీలో పెట్టి, దండం పెట్టుకుంది. కార్బొరేటర్ మళ్ళీ కడిగేసరికి సారు సంచి పట్టుకుని వచ్చాడు.

"దొరికిందా రోగం?"

"దొరికింది సారు. రబ్బరు పగిలింది."

"గంత చిన్న రబ్బరా?" అన్నాడు. అక్క తల దించుకుని కారెక్కింది. జనగామలో ఒకరి దగ్గర ఆ రకం కారుది కొత్త రబ్బరు ఉంటే తెచ్చి ఆ సాయంత్రమే వేశాను.

ఆ తరువాత కారు ఎక్కడా ఆగలేదు. సమ్మె ఉన్నన్నాళ్ళూ, సమ్మె అయిపోయాక కూడా, ఎన్ని చోట్ల ఆపినా సన్నగా తిరుగుతూ నిలబడింది. రఘునాథపల్లి పిల్లలు, "సారూ, దొబ్బాల్నా?" అని ఆశగా అడిగేవాళ్ళట. వద్దంటే చిన్నబుచ్చుకునేవాళ్ళట. సారు ఇది చెబుతూ నవ్వేవాడు. నా మొత్తం నౌకరీలో సరిగా చేశానని చెప్పుకోదగ్గ పనులు చాలా తక్కువ. అందులో ఇది ఒకటి.

మళ్ళీ ఫోన్

రాష్ట్రం బిల్లు పాసైన రోజు అక్క టీవీ ముందు కూర్చుని చూసింది. రాష్ట్రం పుట్టిన రోజుకు ఆమె లేదు. ఆ రెండింటి మధ్యలో, ఎండలు ముదురుతున్నప్పుడు, దవాఖానలోనే పోయింది. కారు వల్ల ఒక్క రోజూ ఆలస్యం కాలేదు. ఆ మాట నాకు నేను చెప్పుకుంటాను. మిషన్లు మనిషిని కొన్నాళ్ళు నిలబెడతాయి, అంతే.

కొన్ని నెలల తరువాత సారు ఫోన్ చేశాడు. అప్పటికి నేనూ రిటైరయ్యాను.

"మల్లేశం, బండి మళ్లా స్లోకు నిలబడుతలేదు. జర వచ్చి పో."

ఎక్కడికి పోతున్నారు సారు అని అడగబోయి ఊరుకున్నాను. ఆయన ఎక్కడికీ పోవడం లేదని అందరికీ తెలుసు. పొద్దున్నే వాకిట్లో కారు స్టార్టు చేసి, కాసేపు ఉంచి, ఆపేస్తాడని పక్కింటివాళ్ళు చెప్పారు.

పోయాను. కారు నలిగిన తెల్ల చొక్కాలా ఉంది, కాని శుభ్రంగా తుడిచి ఉంది. స్టార్టు చేసి విన్నాను. అదే దగ్గు. ఫిల్టరు మూత విప్పాను. నేను వేసిన రబ్బరు చెక్కుచెదరలేదు. ఫిల్టరు మాత్రం తెల్లగా పేరుకుపోయింది. మూతి అంచున విభూతి అంటుకుని ఉంది. తీగతో కట్టిన వక్కపొడి డబ్బీ చూస్తే ఖాళీ.

సారు వెనకే నిలబడ్డాడు.

"రబ్బరు మంచిగనే ఉన్నది గదా?"

నేను తిరిగి చూడలేదు. "ఉన్నది సారు" అన్నాను.

"పోయే ముందు చెప్పింది. దవాఖానల. 'బండిని ఆపింది నేనే, మల్లేశం తమ్ముడు నన్ను కాపాడిండు' అని. గంత కష్టంల సుత నాకు భయపడుకుంట చెప్పింది. బడిల పోరగాండ్లకు భయం లేకుంట అడుగుండ్రి అని చెప్పిన మల్లేశం. నా ఇంట్ల నా పెండ్లాం నాకు జడిసి బండి మూతిల దాసిపెట్టింది ఈబూది."

"బావమరిది తెస్తుండా పొట్లాలు?" అని అడిగాను.

"నేనే పోయి తెచ్చుకుంటున్న కురవికి, బస్సుల. నవ్వకు. దేవుడు లేడు. గది నాకు ఇప్పటికీ ఎరుకే."

"మరెందుకు సారు?"

ఆయన ముందుకు వచ్చి, చూపుడు వేలు ఎయిర్ ఫిల్టరు మూతి దగ్గర పెట్టాడు.

"ఏలి మీదికెళ్లి గుంజుకుంటది గదా. గప్పుడు ఆమె ఏలు యాదికొస్తది" అన్నాడు. "గని ఏసిన కాసేపటికే బండి ఆరిపోతుంది. ఆరిపోకుంట చెయ్యి. ఈబూది మాత్రం తియ్యకు."

మూసుకున్న దారి తెరవకుండా ఇంజనును నిలబెట్టడానికి నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే ఉంది. రహీం ఉస్తాద్ బతికుంటే తువ్వాలతో చావగొట్టేవాడు. సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసి, ఆ స్క్రూ బిగించాను. ఇంజను చప్పుడు పెరిగింది, కాస్త మొరటుగా, కాని ఆగకుండా తిరిగింది. సారు జేబులోంచి పొట్లం తీసి చిటికెడు పట్టాడు. అది సుర్రుమని పీల్చుకుంది, ఆగలేదు. ఇంకాసేపు చూసి, ఫిల్టరు తుడవకుండానే మూత బిగించాను. సారు లోపలికి పోయి చాయ్ పెట్టాడు. కారు వాకిట్లో తిరుగుతూనే ఉంది. మేం గడపలో కూర్చుని తాగాం.